బేకరీ మీద అయిదు కిటికీలు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నది ఎవరో గానీ, ఆరుగురికి సరిపడే అద్దె ఇల్లు ఎప్పుడూ వెతికి ఉండరు. వెతికి ఉంటే ఆ సామెతకి మూడో ముక్క కూడా తగిలించేవారు.

పోస్ట్‌మ్యాన్ మాత్రం అది చిటికెలో పని అనుకున్నాడు. అనుకోవడానికి కారణం లేకపోలేదు. ఆ చిన్న ఊళ్లో ఇరవై రెండేళ్లుగా ఉత్తరాలు పంచుతున్నాడు. ఏ గేటు కిర్రుమంటుందో, ఏ తలుపుకి ఏ రంగో, ఏ కుక్క కరుస్తుందో, ఏ కుక్క కరిచేలా నటిస్తుందో అన్నీ కంఠోపాఠం. ఏ ఇల్లు ఖాళీ కాబోతోందో ఇంటాయన కంటే ముందు తనకే తెలుస్తుందని చెప్పుకునేవాడు. "చిరునామా మార్పు కాగితం ముందు నా చేతికి వస్తుంది. ఆ తర్వాతే సామాను కదులుతుంది" అనేవాడు.

ఆ ధైర్యంతోనే నలుగురిలో మాట ఇచ్చేశాడు.

అక్క పోయి నెల తిరిగాక చుట్టాలంతా ఆమె ఇంటి ముందు గదిలో కూర్చున్నారు. బావ లారీ డ్రైవరు. నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే ఉంటాడు. పిల్లలు ముగ్గురు. పెద్దదానికి పద్నాలుగు, పిల్లాడికి పది, చిన్నదానికి అయిదు. వాళ్లని ఎవరు చూసుకోవాలన్నది మాట. బావ వాళ్ల వదిన, అంటే పిల్లలకి పెద్దమ్మ, ముందే ఆలోచించుకుని వచ్చింది.

"పెద్దదాన్ని నేను తీసుకెళ్తాను. పిల్లాణ్ణి వాళ్ల మేనత్త పెంచుతానంటోంది. చిన్నది ఈ మేనమామ దగ్గర ఉంటుంది. ఎవరి మీదా బరువు పడదు" అంది.

ఆవిడ చెడ్డది కాదు. లెక్క సరిగ్గానే వేసింది. కానీ ఆ లెక్కలో ముగ్గురు పిల్లలు మూడు ఊళ్ల పాలవుతున్నారు. బావ తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. గోడవారన పెద్దపిల్ల, తమ్ముడి చొక్కా చివర పట్టుకుని నిలబడి ఉంది.

"ముగ్గురూ నా దగ్గరే ఉంటారు" అన్నాడు పోస్ట్‌మ్యాన్.

"నీకున్నవి రెండు గదులు. అందులో మీ అబ్బాయితో కలిపి మీరే ముగ్గురు. వీళ్లని ఎక్కడ పెడతావయ్యా, పోస్టు డబ్బాలోనా?"

"బడి తెరిచేలోపు ఇల్లు మారతాను. వీళ్లకి విడిగా గది ఉన్న ఇల్లు. చూపించలేకపోతే మీరన్నట్టే కానివ్వండి."

"సరే. ఒకటో తారీఖున వస్తాను. మాట మీద ఉండు."

"ఆరు నూరైనా ఉంటాను."

అప్పుడు భార్య వైపు చూశాడు. ముందు అనేసి తర్వాత అడగడం అతనికి కొత్త కాదు. ఆమె బస్టాండులో టికెట్ కౌంటర్ దగ్గర పనిచేస్తుంది. రోజుకి వెయ్యిమంది తొందరపాటు మనుషుల్ని చూసే మనిషి. "చెప్పేశారుగా, ఇంక వెతకండి" అని, చిన్నదాన్ని చంకనెత్తుకుంది.

బయలుదేరేటప్పుడు పెద్దపిల్ల మూడు సంచుల్నీ దగ్గరగా చేర్చి ఒక నీలం తాడుతో కలిపి కట్టింది. ఎత్తుకోవడానికి వీలుగా లేదు.

"ఇలా కట్టావేంటమ్మా?" అన్నాడు పోస్ట్‌మ్యాన్.

"ఎవరైనా ఒకటి తీస్తే మూడూ రావాలి మామయ్యా" అంది.

అతను మూడింటినీ కలిపే భుజాన వేసుకుని బస్సెక్కాడు.

పోస్టాఫీసు వెనక ఉన్న ఆ రెండు గదుల్లో ఆరుగురు సర్దుకున్నారు. సర్దుకున్నారంటే, రాత్రి ఒకరు పక్కకి తిరగాలంటే మిగతావాళ్లకి కబురు పెట్టాలి. సంచులు మంచం కిందికి వెళ్లాయి, తాడుతోనే. బట్టలు కావలసినప్పుడు పెద్దపిల్ల తాడు విప్పకుండానే, సంచి మూతి కొంచెం లాగి తీసుకునేది.

"ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అన్నారు పెద్దలు" అన్నాడు పోస్ట్‌మ్యాన్ ఒక ఉదయం, తన రెండో చెప్పు కోసం వెతుక్కుంటూ.

"ఇరకటం సంగతి మీరు చూడండి. మర్కటం డ్యూటీకి వెళ్లాలి" అంది భార్య. గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి, "పెద్దది రాత్రిళ్లు నిద్రపోవడం లేదండీ" అంది.

"కొత్త చోటు కదా."

"చోటు కాదు. వదిన మంచాన పడ్డ ఏడు నెలలూ పక్కన పడుకున్నది అదే. ఊపిరి వింటూ పడుకోవడం అలవాటైపోయింది. ఇప్పుడు వినడానికి ఏమీ లేదు."

అతనికి చెప్పు దొరికింది. తొడుక్కోవడానికి మామూలు కంటే ఎక్కువసేపు పట్టింది.

ఆ రోజే జాబితా రాశాడు. ఊళ్లో తను తిరిగే వరసలోనే, ఉత్తరాల పెట్టె తర్వాత ఉత్తరాల పెట్టె గుర్తుచేసుకుంటూ, ఖాళీగా ఉన్నవీ ఖాళీ కాబోతున్నవీ మొత్తం పదకొండు ఇళ్లు తేల్చాడు. ఎర్ర పెన్సిల్ చెవి మీద పెట్టుకున్నాడు. "పదకొండు. మనకి కావలసింది ఒకటి. పది మిగిలిపోతాయి పాపం" అన్నాడు.

మొదటిది ఆకుపచ్చ గేటు ఇల్లు. తలుపు చూస్తే రాజభవనం. లోపల మూడు గదులన్న మాట నిజమే గానీ, మూడోదాని నిండా ఇంటాయన విరిగిన కుర్చీలున్నాయి. అవి కదలవట. వాటితో పాటే అద్దెకి ఉండాలట.

రెండోది స్టేషన్ వీధిలో మేడ. ఉత్తరాలు వేసే కంతకి ఇత్తడి మూత ఉంటుంది. పదేళ్లుగా రోజూ ఆ మూతని మురిపెంగా ఎత్తి దించేవాడు. లోపల చిన్న గదిలో మంచం వేస్తే తలుపు మూసుకోదు, తలుపు మూస్తే మంచం పట్టదు.

"మంచి మూతండీ" అంది భార్య బయటికొచ్చాక. "దాని కింద ఆరుగురం పడుకుందామా?"

మూడోది రిటైరైన నర్సమ్మది. ఎండాకాలం ఒక్కరోజైనా అతనికి మంచినీళ్లు ఇవ్వకుండా పంపని మనిషి. తప్పకుండా ఇస్తుందనుకున్నాడు.

"ఎంతమంది?" అని అడిగింది ఆవిడ.

"ఆరుగురం. మా బావ వచ్చినప్పుడు ఏడుగురం."

"నలుగురైతే ఇస్తాను."

"మిగతా ఇద్దర్నీ ఏం చెయ్యమంటారమ్మా?"

"అది మీ ఇష్టం నాయనా" అని, గ్లాసుతో నీళ్లు తెచ్చిచ్చింది. నీళ్లిచ్చే చెయ్యి వేరు, తాళంచెవి ఇచ్చే చెయ్యి వేరు అని అతనికి ఆ రోజు తెలిసింది. అయినా నీళ్లు తాగాడు. ఎండగా ఉంది మరి.

నాలుగోది చెమ్మ. అయిదో దాంట్లో నీళ్లు రావు. ఈ రెండూ భార్యే పట్టుకుంది. ఏ ఇంట్లో అడుగుపెట్టినా ముందు కుళాయి తిప్పేది, తర్వాత గోడకి తగిలించిన కేలండరు ఎత్తి కింద అరచెయ్యి ఆనించేది. అతను మాత్రం ఇంకా గుమ్మం దగ్గరే నిలబడి "తలుపు చాలా గట్టిది" అంటూ ఉండేవాడు.

"ఇరవై రెండేళ్లు తలుపులతో కాపురం చేశారు. గదులతో ముఖపరిచయం కూడా లేదు" అంది ఆమె.

"ఇంకా ఆరున్నాయి" అన్నాడు అతను, ఎర్ర పెన్సిల్‌తో అయిదో గీత గీస్తూ.

ఆరు నాలుగయ్యాయి, నాలుగు రెండయ్యాయి. పదకొండో ఇంటి ఓనరు వాకిట్లోనే, తాళం కూడా తీయకుండా, పిల్లలున్నవాళ్లకి ఇవ్వనన్నాడు. అప్పటికి ఒకటో తారీఖుకి ఇంకా ఎనిమిది రోజులుంది.

"ఊళ్లో అందరి ఇళ్లూ మామయ్యకి తెలుసు కదా అత్తా, మరి ఒక్కటీ దొరకదేం?" అని అడిగాడు పదేళ్లవాడు. పెద్దపిల్ల వాడి తొడ గిల్లింది.

పోస్ట్‌మ్యాన్ నవ్వాడు. "దొరుకుతుందిరా. దొరక్కపోవడానికి ఇల్లేమన్నా సూదా?" అన్నాడు. కానీ ఆ సాయంత్రం జాబితా మడిచి జేబులో పెట్టుకునేటప్పుడు పెన్సిల్ చెవి మీద పెట్టుకోవడం మరిచిపోయాడు.

మర్నాడు ఆదివారం. రొట్టె తేవడానికి చిన్నదాన్ని వెంటబెట్టుకుని బజారు మూల బేకరీకి వెళ్లాడు. రోజూ వెళ్లే చోటే. గాజు కౌంటర్ మీద ఉత్తరాలు పెడతాడు, బేకరీ ఆవిడ తల ఎత్తకుండానే "ఊఁ" అంటుంది, అంతే. వరసలో నలుగురు ఉంటే బయట నిలబడ్డారు. చిన్నది అతని వేలు పట్టుకుని, మెడ వెనక్కి వాల్చి, నోరు తెరుచుకుని చూస్తోంది.

"మామయ్యా, పైన ఎవరుంటారు?"

"ఎవరూ ఉండరమ్మా. పిండి బస్తాలు."

"బస్తాలకి కర్టెన్లు ఎందుకు?"

అతను తల ఎత్తాడు. బేకరీ మీద వరసగా అయిదు కిటికీలు. రెండింటికి వెలిసిపోయిన పువ్వుల కర్టెన్లు ఉన్నాయి. ఇరవై రెండేళ్లలో ఆ గోడని అంత ఎత్తున ఎప్పుడూ చూడలేదు. ఉత్తరాల పెట్టె నడుము ఎత్తున ఉంటుంది, ఇంటి నంబరు కంటి ఎత్తున ఉంటుంది. అంతకు పైన ఉన్నదానితో అతనికి ఎన్నడూ పని పడలేదు. పెట్టె లేనిది అతని దృష్టిలో ఇల్లే కాదు. జాబితాలోకి అది వచ్చే దారే లేదు.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఏమిటో అతనికి తెలిసొచ్చింది. ఆ పిల్ల నిజంగానే పక్కన నిలబడి, బస్తాలకి కర్టెన్ల సంగతి ఇంకా తేల్చమంటోంది.

వరస అయ్యాక, రొట్టె అడగడం మానేసి, "పైనేముందమ్మా?" అన్నాడు.

బేకరీ ఆవిడ ఈసారి తల ఎత్తింది. మోచేతుల దాకా పిండి. "ఇల్లు" అంది.

"నేను వచ్చిన కొత్తలో అడిగితే బస్తాలన్నారు!"

"ఆ ఏడు వానలకి కింద నీళ్లొస్తే రెండు నెలలు పైన పెట్టాం పోస్టూ. మీ లెక్కలో ఇంకా అక్కడే ఉన్నాయా?"

వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. అతనూ నవ్వాడు. ఎన్ని గదులని అడిగాడు. నాలుగు, వంటిల్లు కాక. అత్తమామలతో, మరుదులతో తొమ్మిదిమంది ఉన్న ఇల్లట అది. వెనక స్థలంలో కిందే ఇల్లు కట్టుకున్నాక పైది వదిలేశారు.

"అద్దెకిస్తారా?"

"ఇవ్వను."

ఇంత త్వరగా ఎవరూ కాదనలేదు. కానీ అతను పదకొండు ఇళ్ల దగ్గర కాదనిపించుకుని వచ్చినవాడు. పన్నెండోది ఒక లెక్కా? "ఎందుకివ్వరు?" అని అడిగాడు.

ఆవిడ గోడ పక్క నీళ్ల పీపా అంత ఇనుప గిన్నె వైపు చెయ్యి చూపించింది. పిండి కలిపే మిషన్. "తెల్లవారుజామున మూడింటికి ఇది మొదలవుతుంది. పైన నేలంతా గుయ్యిమంటుంది. మొదట వచ్చినవాళ్లు రెండు నెలలున్నారు. తర్వాత వచ్చినవాళ్లు పదకొండు రోజులు. పోతూ పోతూ నన్ను తిట్టిపోయారు. ముందే చెప్పానన్నా వినలేదు. డబ్బు పోతే పోయింది, ఆ మాటలు పడలేను."

"నేను నాలుగింటికే లేస్తాను."

"మీరు లేస్తారు. ఇంట్లో ఎంతమంది?"

ఈ ప్రశ్న దగ్గరే అన్ని తలుపులూ మూసుకున్నాయి. అయినా దాచలేదు. "ఆరుగురం. నలుగురు పిల్లలు. ముగ్గురు మా అక్క పిల్లలు. తను పోయి రెండు నెలలు కావొస్తోంది" అన్నాడు.

ఆవిడ చేతులు తుడుచుకుంది. చిన్నదాని వైపు ఒకసారి చూసింది. జాలి మాటలేవీ అనలేదు. "మధ్యాహ్నం రెండింటికి రెండో వాయి కలుపుతాం. రేపు ఆ టైముకి అందర్నీ తీసుకురండి. మిషన్ తిరుగుతుండగా చూసుకోండి. తర్వాత చెప్పలేదనకూడదు" అంది.

సోమవారం భార్య డ్యూటీ మార్చుకుంది. రెండింటికి పది నిమిషాల ముందు ఆరుగురూ పక్కసందు మెట్లెక్కారు. నాలుగు గదులు, మధ్యలో పొడుగాటి నడవ, వెనక చిన్న వరండా. భార్య తిన్నగా వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పింది. నీళ్లు దూకాయి. గోడలు తడిమింది. పొడిగా, కొంచెం వెచ్చగా ఉన్నాయి. కింద పొయ్యి ఉంది కదా. మగపిల్లలిద్దరూ నడవ ఈ చివర నుంచి ఆ చివరికి అడుగులు కొలిచి, ఒకడు ఇరవై మూడన్నాడు, ఒకడు ఇరవై ఏడన్నాడు, కొట్టుకోబోయారు. పోస్ట్‌మ్యాన్ తలుపు చూడబోయి, గుర్తొచ్చి, గదుల్లోకి నడిచాడు.

రెండైంది. మిషన్ మొదలైంది.

ముందు కిటికీ అద్దం ఒకటి గడగడలాడింది. తర్వాత కాళ్ల కింద నేల గుయ్యిమంది. మాట వినబడకపోవడమంటూ లేదు గానీ, చెవులు మూసుకున్నా పాదాల్లోంచి వచ్చే చప్పుడది. చిన్నది రెండు కాళ్లూ ఒకసారి ఎత్తి చూద్దామని గెంతింది. భార్య అద్దం దగ్గరికి వెళ్లి, సంచిలోంచి ఒక పాత బస్సు టికెట్ తీసి, నాలుగు మడతలు పెట్టి చట్రం సందులో దూర్చింది. అద్దం నోరు మూసింది. గుయ్యి మాత్రం మిగిలింది.

"దీన్ని టికెట్‌తో ఆపలేను" అంది.

పోస్ట్‌మ్యాన్ పెద్దపిల్ల కోసం చూశాడు. మధ్య గదిలో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఒక అరచెయ్యి నేల మీద పరిచి ఉంది. ఒంట్లో బాగోలేనివాళ్ల నుదుటి మీద చెయ్యి పెట్టినట్టు పెట్టింది.

"గోలగా ఉందా అమ్మా? నిజం చెప్పు. లేకపోతే ఇంకోటి చూద్దాం." ఇంకోటి లేదని ఇద్దరికీ తెలుసు.

ఆ పిల్ల చెయ్యి తీయలేదు. "గోల కాదు మామయ్యా. కింద ఎవరో మేలుకుని ఉన్నారని తెలుస్తోంది" అంది.

పోస్ట్‌మ్యాన్ "సరే" అని, కిటికీ దగ్గరికి వెళ్లి బజారు చూస్తూ నిలబడ్డాడు. పైనుంచి చూస్తే ఊరు వేరేగా ఉంది. ఉత్తరాల పెట్టె ఒక్కటీ కనబడలేదు. అన్నీ పైకప్పులూ, కిటికీలూ, ఆరేసిన బట్టలూ.

కొంతసేపటికి బేకరీ ఆవిడ మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చింది. "ఏమంటారు? పారిపోతారా?" అని గట్టిగా అడగబోయి, మధ్య గది గుమ్మంలో ఆగిపోయింది.

పెద్దపిల్ల వట్టి నేల మీద ఒక పక్కకి ఒరిగి నిద్రపోతోంది. చెంప కింద అరచెయ్యి ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుంది. చిన్నది పక్కన కూర్చుని, ఎవరైనా మాట్లాడతారేమో అని మూతి మీద వేలు పెట్టుకుని అందరి వంకా కోపంగా చూస్తోంది.

"ఎంతసేపైంది?" అని ఆవిడ గుసగుసగా అడిగింది. కింద మిషన్ దద్దరిల్లిపోతుంటే పైన అందరూ గుసగుసలాడటం మొదలుపెట్టారు. భార్యకి నవ్వొచ్చింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"పది నిమిషాలు" అంది.

"దీని కింద నిద్రపోయినవాళ్లని నేను ఇంతవరకూ చూడలేదు" అంది ఆవిడ. ఇంకాసేపు గుమ్మంలో నిలబడి, "తాళంచెవి రెండోది ఎక్కడ పెట్టానో వెతకాలి" అని కిందికి నడిచింది. అద్దె మాట్లాడటానికి భార్య వెంట వెళ్లింది. కౌంటర్‌కి అవతలి పక్క నిలబడి బేరం చేయడం ఆమెకి కొత్తే అయినా, బాగానే చేసినట్టుంది. మొహంలో తెలిసింది.

మూడింటికి మిషన్ ఆగింది. అప్పుడు లేచింది పెద్దపిల్ల.

ఒకటో తారీఖున పెద్దమ్మా, బావా పొద్దున బస్సుకి వచ్చారు. పెద్దమ్మ చేతిలో ఖాళీ సంచి ఒకటి ఉంది. నాలుగు గదులూ తిరిగింది. కుళాయి తిప్పింది. గోడ తడిమింది. భార్య, పోస్ట్‌మ్యాన్ చెవిలో "చూశారా, ఇళ్లు చూడటం వచ్చినవాళ్లు ఇలా చూస్తారు" అంది. భోజనాలయ్యి కూర్చున్నారో లేదో, కింద మిషన్ మొదలైంది.

"ఇదేం చప్పుడయ్యా! ఇందులో పిల్లలు ఎలా పడుకుంటారు?" అంది పెద్దమ్మ.

"బాగా పడుకుంటాం పెద్దమ్మా. ఇవాళ ఉండి చూడు" అంది పెద్దపిల్ల.

ఆవిడ పిల్ల మొహం వంక చూసింది. కళ్ల కింద నెల క్రితం ఉన్న నలుపు లేదు. చూసి కూడా ఇంకో ప్రశ్న అడిగే మనిషే. "నీ సంచి ఏదే?"

"ఖాళీ చేసేశాను."

బావ ఈలోపు వెనక వరండాలోకి వెళ్లాడు. అక్కడ ఈ స్తంభానికీ ఆ స్తంభానికీ కట్టిన దండెం మీద ఆరుగురి బట్టలు ఆరుతున్నాయి. దండెం నీలం తాడు. దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని చూశాడు.

"ఇది నా లారీ తాడు. టార్పాలిన్ కట్టేది" అన్నాడు.

"అవును నాన్నా" అంది పెద్దపిల్ల. స్తంభం దగ్గర ముడి కొంచెం జారి ఉంది. బట్టల బరువుకి తాడు మధ్యలో కిందికి దిగింది. బావ ముడి విప్పి, తాడు బిగించి లాగి, లోడు కట్టేటప్పుడు వేసే ముడి వేశాడు. చెయ్యి వేసి ఊపి చూశాడు. కదల్లేదు.

"ఇంక జారదు" అన్నాడు.

గుమ్మంలో నిలబడి చూస్తున్న పెద్దమ్మ ఖాళీ సంచిని నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకుంది.

"ఒక్క దండెం ఏం సరిపోతుందయ్యా ఇంతమందికి? ఇంకోటి కట్టు" అంది పోస్ట్‌మ్యాన్‌తో.

"కడతాను. మీ ఉత్తరాలకి పెట్టె కూడా కడతాను, కింద, నడుము ఎత్తున" అన్నాడు అతను.

"నేనెప్పుడు రాశానయ్యా ఉత్తరం?"

"ఇంక రాయండి. చిరునామా ఒకటే. మూడు చోట్లకి రాయక్కర్లేదు" అన్నాడు పోస్ట్‌మ్యాన్, చెవి మీది ఎర్ర పెన్సిల్ తీసి ఆవిడ చేతికిస్తూ.